14 నెలల శనివారాలు

మా తమ్ముడికి ఉన్న జబ్బు స్కిజోఫ్రీనియా అని ఒక వైద్యురాలు కాగితం మీద రాసి ఇచ్చే నాటికి, మేము వాడిని 14 నెలలపాటు ప్రతి శనివారం తెనాలి నుంచి గుంటూరుకు కౌన్సెలింగ్ కోసం తీసుకువెళ్ళి ఉన్నాము. ఆ శనివారాల్లో ఏం జరిగిందో, ఏది జరగకుండా పోయిందో రాయాలని చాలాసార్లు అనుకున్నాను. ఇంటి గుట్టు నలుగురి నోళ్ళలో పడుతుందని అమ్మ భయపడింది కనుక ఆగాను. ఇప్పుడు రాయమన్నది తమ్ముడే. రాసినది వాడికి చదివి వినిపించాను. రెండు చోట్ల వాడు నన్ను సరిదిద్దాడు, ఒక చోట తీసేయమన్నాడు, తీసేశాను.

వాడు ఇంజనీరింగ్ పూర్తి చేసి హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరిన ఏడాదిన్నరకు, 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయ్యాయి. కొత్త 2000 రూపాయల నోటులో చిప్ ఉందనీ, దాన్ని భూమిలో పాతిపెట్టినా ఉపగ్రహం కనిపెడుతుందనీ అప్పట్లో ఊరంతా చెప్పుకున్నారు. వాడు కూడా ఫోనులో అదే మాట చెప్పాడు. అందరూ అంటున్నదే వాడూ అంటున్నాడు కనుక నాకు వింతగా తోచలేదు. కొన్ని వారాల్లో అది పుకారని తేలిపోయి జనం మరిచిపోయారు. వాడు మరవలేదు. డిసెంబరులో ఉద్యోగం మానేశానంటూ ఒక సంచీతో ఇంటికి వచ్చినప్పుడు, ఆ సంచీలో బ్లేడుతో నిలువునా చీల్చిన 2000 రూపాయల నోటు ఉంది. నలుగురితో కలిసి నమ్మిన మాట ఏ రోజున వాడొక్కడి నమ్మకంగా మిగిలిందో మాలో ఎవరమూ గమనించలేకపోయాము.

ఆ తరువాత వాడు రాత్రుళ్ళు నిద్రపోవడం మానేశాడు. సెల్‌ఫోనును బియ్యం డబ్బాలో అడుగున పెట్టి మూత బిగించేవాడు. మా నాన్న 34 ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరయ్యారు. నాన్నే పాత స్నేహితుల చేత తన ఫోను మాటలు వినిపించుకుంటున్నారని, ఆఫీసులో తనను చూసి నవ్వినవాళ్ళందరికీ ఆ సంగతి ముందే తెలుసని తమ్ముడు నాతో గుసగుసగా చెప్పాడు. చెప్పేటప్పుడు వాడి మొహంలో కోపం లేదు. ఇంట్లో గ్యాసు వాసన వస్తోందని చెప్పే మనిషి మొహంలో ఉండే కంగారు మాత్రమే ఉంది.

వైద్యుడి దగ్గరకు ఎందుకు వెళ్ళలేదని నన్ను చాలామంది అడిగారు. హైదరాబాదులో మానసిక ఆసుపత్రి ఉన్న ఎర్రగడ్డ పేరునే మా ప్రాంతంలో తిట్టుగా వాడతారు. సైకియాట్రిస్టు గడప తొక్కితే వాడికి పిల్లనెవరిస్తారని అమ్మ ఏడ్చింది. పెద్దమ్మ ఒక గుళ్ళో 11 రోజులు నిద్ర చేయించమంది. బాబాయి మాత్రం లోకం తెలిసినవాడిగా, ‘ఈ కాలం పిల్లలకు ఒత్తిడి ఎక్కువ, మనసు విప్పి మాట్లాడే మనిషి దొరికితే సర్దుకుంటాడు, మందులు మొదలుపెడితే జీవితమంతా మింగాల్సిందే’ అన్నాడు. నేను ఉపాధ్యాయురాలిని. పత్రికల్లో మానసిక ఆరోగ్యం గురించి వచ్చేవన్నీ చదివేదాన్ని, మాట్లాడుకోవడం మంచిదని అవన్నీ చెప్పేవి. గుడికీ భూతవైద్యుడికీ కాకుండా చదువుకున్న కౌన్సెలర్ దగ్గరకు తీసుకువెళ్తున్నాం కనుక సరైన దారిలోనే ఉన్నామని మనస్ఫూర్తిగా నమ్మాను. 2017 ఏప్రిల్‌లో మొదటిసారి గుంటూరు వెళ్ళాము.

ఆ కౌన్సెలర్ గురించి న్యాయంగా చెప్పాలి. ఆయన మోసగాడు కాదు. సైకాలజీలో పీజీ చేశారు, మృదువుగా మాట్లాడేవారు, 50 నిమిషాలకు 800 రూపాయలు తీసుకుని ఎప్పుడూ గంటకు తక్కువ కూర్చోలేదు. మొదటి నెలల్లో తమ్ముడి బాల్యం గురించి, చదువు గురించి ఎంతో ఓపికగా అడిగారు. వాడు బీఎస్సీలో చేరి లెక్కలు చదువుకుంటానంటే నాన్న ఒప్పుకోక ఎంసెట్ రాయించిన సంగతి అలా బయటికి వచ్చింది. అది నిజమే. ఆ రోజుల్లో ఇంట్లో పెద్ద గొడవ జరిగింది. కౌన్సెలర్ మమ్మల్ని విడిగా కూర్చోబెట్టి, తండ్రి మీద అణచుకున్న కోపం ఇలా అనుమానంగా మారి బయటపడుతోందని, ఆ ముడి విప్పితే మిగతావి వాటంతటవే పోతాయని చెప్పారు. అంత చక్కగా అతికిన వివరణను నేను అంతకుముందు ఎక్కడా వినలేదు. తమ్ముడు అనుమానించేది నాన్ననే, నాన్న ఒకప్పుడు వాడి మాట వినని మాటా నిజమే, ఇక సందేహానికి చోటెక్కడిది?

ఆ వారం నాన్న వాడిని వరండాలో కూర్చోబెట్టుకుని, 62 ఏళ్ళ మనిషి, కొడుకు చెయ్యి పట్టుకుని, ‘నిన్ను నీ ఇష్టానికి చదవనివ్వలేదురా, తప్పు నాదే, నన్ను క్షమించు’ అన్నారు. తమ్ముడు ఆయన మొహంలోకి చాలాసేపు చూసి, ‘ఈ మాటలు మీకు ఎవరు నేర్పారు?’ అని అడిగాడు.

జబ్బు తనకు కావలసిన సరుకును మన ఇంట్లోంచే ఏరుకుంటుందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. నాన్న టెలిఫోన్ శాఖలో పనిచేశారు కనుక వాడి భ్రమలో టెలిఫోను వచ్చింది. ఆయన నీటిపారుదల శాఖలో పనిచేసి ఉంటే కాలువో తూమో వచ్చేదేమో. ఎంసెట్ గొడవ వాడి భ్రమకు ఒక పాత్రను ఇచ్చింది. ఆ భ్రమను పుట్టించింది మాత్రం ఆ గొడవ కాదు. ఆ ఊళ్ళో ఇష్టం లేని చదువు చదివిన పిల్లలు వందల్లో ఉన్నారు, వాళ్ళెవరూ నోట్లు చీల్చి చూడలేదు. కౌన్సెలర్‌గారు భ్రమలోని కథను శ్రద్ధగా చదివి, అందులోనే కారణం ఉందనుకున్నారు. మేమూ అనుకున్నాము. కథ అంత బాగా కుదిరినప్పుడు దాన్ని కాదనడం ఎవరికైనా కష్టమే.

నెలలు గడిచేకొద్దీ వాడు స్నానం మానేశాడు, గదిలోంచి రావడం తగ్గించాడు, అడిగిన దానికి ఒక్క ముక్కలో జవాబిచ్చేవాడు. కానీ శనివారం వస్తే మాత్రం ఎవరూ లేపకుండానే ఎనిమిదింటికల్లా చొక్కా వేసుకుని సిద్ధంగా ఉండేవాడు. కౌన్సెలింగ్ మీద గురి కుదిరిందనుకుని మేము సంతోషించాము. ఎనిమిదో నెలలో, గుంటూరు నుంచి తిరిగి వస్తుంటే ప్యాసింజర్ రైలులో నా చెవి దగ్గరకు వంగి, ‘అక్కా, ఆయన కలం టక్కుమంటుంది చూశావా, అప్పుడు రికార్డింగ్ మొదలవుతుంది’ అన్నాడు. మరుసటి వారం ఆ సంగతి కౌన్సెలర్‌గారికి విడిగా చెప్పాను. ఆయన మంచి ఉద్దేశంతో, వాడికి ఇబ్బంది కలగకూడదని, నొక్కుడు కలం పక్కన పెట్టి మూత ఉన్న కలం వాడడం మొదలుపెట్టారు. కలం మార్చారంటే తాను కనిపెట్టినది నిజమేనని, కనిపెట్టిన సంగతి నా ద్వారా ఆయనకు చేరిందని తమ్ముడికి ఒకేసారి రుజువైపోయింది. ఆ తరువాత ఏడాది దాకా వాడు నాతో మనసులో మాట చెప్పలేదు.

నేను ఆందోళన పడినప్పుడల్లా కౌన్సెలర్‌గారు, లోపలి గాయం మానేముందు నొప్పి పెరుగుతుందని, ఇది ఆ దశేనని చెప్పారు. నాకున్న ఫిర్యాదు ఇదొక్కటే. ఆయన మాటలతో నయం చేయలేకపోయారని నేను తప్పు పట్టడం లేదు. ఇది తన చేతిలో ఉన్న పని కాదని, ముందుగా ఒక సైకియాట్రిస్టుకు చూపించాలని 14 నెలల్లో ఒక్కసారి కూడా చెప్పకపోవడాన్ని తప్పు పడుతున్నాను. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే గుర్తింపు పొందిన శిక్షణ పూర్తిచేసి, భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేసుకోవాలి. ఆ శిక్షణలో తీవ్రమైన మానసిక జబ్బులున్నవారిని ఆసుపత్రి వార్డుల్లో చూసి నేర్చుకుంటారు. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకోవడానికి ఆ రోజుల్లో అలాంటి నిబంధన ఏదీ అడ్డు రాలేదు. ఈ రెండింటికీ తేడా ఉందని కూడా నాకు తెలియదు.

2018 జూన్ మొదటి వారంలో తమ్ముడు అన్నం మానేశాడు. ఇంట్లో బియ్యంలో ఏదో కలుపుతున్నారని వాడి నమ్మకం. వీధి కుళాయి దగ్గర తానే పట్టుకున్న నీళ్ళు తప్ప నాలుగు రోజులు వాడి నోట్లోకి ఏదీ పోలేదు. ఐదో రోజు ఉదయం లేచి నిలబడబోయి పడిపోయాడు. మా ఇంటి దగ్గరి డాక్టరుగారు వచ్చి సెలైన్ పెట్టించి, వాడితో పది నిమిషాలు మాట్లాడి బయటికి వచ్చి, ‘అమ్మా, ఇది కౌన్సెలింగ్‌కు లొంగేది కాదు, ఇవాళే విజయవాడ తీసుకువెళ్ళండి’ అన్నారు. ఆ పది నిమిషాల మాట కోసం మేము అంతకాలం ఎదురుచూశామా అనిపించింది.

విజయవాడలో సైకియాట్రిస్టు తమ్ముడిని అడిగిన ప్రశ్నలు వేరుగా ఉన్నాయి. ఎందుకు అనిపిస్తోందని ఆమె అడగలేదు. ఏం వినిపిస్తోందని అడిగింది. ఎవరూ లేనప్పుడు గొంతులు వినిపిస్తాయా, ఒకటా ఎక్కువా, అవి నీతో మాట్లాడతాయా లేక నీ గురించి తమలో తాము మాట్లాడుకుంటాయా, నువ్వు చేసే పనిని చేస్తుండగానే చెబుతుంటాయా అని వరుసగా, జ్వరం గురించి అడిగినంత మామూలుగా అడిగింది. తమ్ముడు తలవంచుకుని, ‘ఇద్దరు’ అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. 14 నెలల్లో వాడి బాల్యంలో ప్రతి మూలనూ వెదికాము గానీ, వాడికి ఏమైనా వినిపిస్తోందా అని అడిగినవారు లేరు. అడగాలని నాకూ తోచలేదు.

వాడు ఆసుపత్రిలో ఉండడానికి ఒప్పుకోలేదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో చేసినది, అప్పటికి కొన్ని రోజుల ముందు, 2018 మే 29న అమల్లోకి వచ్చింది. దాని 89వ సెక్షన్ ప్రకారం, తనకు తాను హాని చేసుకునే స్థితిలోనో, తన బాగోగులు తాను చూసుకోలేని స్థితిలోనో ఉన్న మనిషిని, అతని తరఫున నిలబడే నామినేటెడ్ ప్రతినిధి దరఖాస్తు మీద, ఒక సైకియాట్రిస్టు, మరొక మానసిక ఆరోగ్య నిపుణుడు లేదా వైద్యుడు విడివిడిగా పరీక్షించిన తరువాత, 30 రోజులకు మించకుండా చేర్చుకోవచ్చు. నాన్న సంతకం పెడితే వాడి అనుమానానికి ముద్ర వేసినట్టవుతుందని డాక్టరమ్మ చెప్పడంతో ఆ దరఖాస్తు మీద నేను సంతకం చేశాను. నా చేయి వణికింది. ఆమె వాడికి వాడి హక్కులను ఒక్కొక్కటిగా చదివి వినిపించింది. ఆ క్షణంలో వాడు వినే స్థితిలో లేడు, అయినా చదవడం ఆపలేదు.

ఆసుపత్రిలో రెండో రోజు ఆమె మాకు చెప్పినది నాకు ఇప్పటికీ ఉపయోగపడుతోంది. తనకు జబ్బు లేదని వాడు అనడం మొండితనం కాదని, అది ఆ జబ్బు లక్షణాల్లో ఒకటని ఆమె చెప్పింది. పక్షవాతం వచ్చినవారిలో కొందరు, మెదడులో కుడివైపు దెబ్బతిన్నప్పుడు, పడిపోయిన చెయ్యి బాగానే ఉందని వాదిస్తారు. ఎంత చూపించినా ఒప్పుకోరు, ఎందుకంటే ఒప్పుకోవలసిన భాగమే దెబ్బతింది. అలాంటి మనిషికి నచ్చజెప్పడానికి మాట చాలదు. మాటతో వైద్యం చేయాలంటే, నాకేదో ఇబ్బంది ఉంది, ఎదుటి మనిషి నా మేలు కోరుతున్నాడు అన్న రెండు నమ్మకాలు కాస్తయినా ఉండాలి. మా వాడిలో జబ్బు ముందుగా తుడిచిపెట్టినవి ఆ రెండే.

రిస్పెరిడోన్ అనే మందు మొదలుపెట్టిన 12వ రోజున వాడు అమ్మను పెరుగన్నం అడిగాడు. అమ్మ కలిపి పెట్టిన ముద్దను వాసన చూడకుండా తిన్నాడు. 19 రోజులకు ఇంటికి వచ్చాము.

ఆ వేసవి తరువాత నేను దొరికినదల్లా చదివాను. నాకు నేను సంజాయిషీ చెప్పుకోవడానికే ఎక్కువ చదివానని ఒప్పుకుంటాను. మనోవిశ్లేషణను ప్రపంచానికి ఇచ్చిన ఫ్రాయిడే ఆ పద్ధతి ఇలాంటి జబ్బులకు పనికిరాదని భావించాడు. ఆయన తరువాతివారు కొందరు అక్కడ ఆగలేదు. అమెరికాలో స్థిరపడిన జర్మన్ వైద్యురాలు ఫ్రీడా ఫ్రామ్ రైఖ్‌మన్ 1948లో, స్కిజోఫ్రీనియాకు బిడ్డను నిరాదరించే తల్లి కారణమన్న అర్థం వచ్చే ఒక పేరును వాడుకలోకి తెచ్చారు. రోగుల పట్ల ఆమెకున్న ఓపిక, గౌరవం గొప్పవని అందరూ చెబుతారు. అయినా ఆ ఒక్క మాట మూలంగా కొన్ని దశాబ్దాలపాటు ఎందరో తల్లులు, కొడుకు జబ్బుకు తోడు ఆ నిందను కూడా మోశారు. కాలిఫోర్నియాలోని కమారిల్లో ఆసుపత్రిలో ఫిలిప్ మే చేసిన పరిశోధన 1968లో అచ్చయింది. కొందరు రోగులకు మాటల వైద్యం ఒక్కటే, కొందరికి మందులే, కొందరికి రెండూ ఇచ్చి పోల్చి చూస్తే, మందులు అందినవారు మెరుగుపడ్డారు, మాట ఒక్కటే అందినవారు పెద్దగా కోలుకోలేదు. మేము గుంటూరు రైలెక్కడానికి 49 ఏళ్ళ ముందు ఈ సంగతి తేలిపోయింది. నేను దీన్ని నాన్నకు తెలుగులో చెప్పాను. ఆయన కౌన్సెలింగ్ రసీదులన్నీ ఒక ఫైలులో దాచి ఉంచారు. ఆ ఫైలు ఒళ్ళో పెట్టుకుని విన్నారు, ఏమీ అనలేదు, మళ్ళీ బీరువాలో పెట్టేశారు. సైకోసిస్, అంటే భ్రమలు, లేని గొంతులు వినిపించే స్థితి, మొదలయ్యాక వైద్యం అందడానికి ఎంత ఆలస్యమైతే కోలుకోవడం సగటున అంత కష్టమవుతుందన్న సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు. ఈ వ్యాసం ద్వారా ఇప్పుడు ఆయనకు తెలుస్తుంది.

ఇంతవరకు చదివినవారు మందులతో అంతా చక్కబడిందనుకుంటే అది నా తప్పవుతుంది. రిస్పెరిడోన్ వల్ల వాడి చేతులు వణికాయి, నడక బిగుసుకుంది, దానికి విరుగుడుగా మరో బిళ్ళ ఇచ్చారు. ఒళ్ళు పెరిగింది. గొంతులు తగ్గాయి గానీ వాడిలో ఉత్సాహం తిరిగి రాలేదు. గంటల తరబడి గోడవైపు చూస్తూ కూర్చునేవాడు. ఆ స్తబ్ధత కూడా జబ్బులో భాగమేనని, దానిమీద మందులు అంతగా పనిచేయవని డాక్టరమ్మ ముందే చెప్పింది. 2019లో, నాకు బాగైంది కదా ఇంకా ఎందుకంటూ, వాడు బిళ్ళను నాలుక కింద దాచుకుని కిటికీ దగ్గరున్న తులసి కుండీలో పాతిపెట్టడం మొదలుపెట్టాడు. మట్టి గుల్ల చేస్తుంటే అమ్మకు అవి దొరికేసరికి అక్టోబరు వచ్చింది, గొంతులు కూడా వచ్చేశాయి. మందు కొనసాగించినవారినీ ఆపినవారినీ పోల్చిన ప్రయోగాలెన్నింటినో కలిపి చూసిన ఒక సమీక్ష 2012లో వెలువడింది. దాని ప్రకారం, మందు కొనసాగించిన ప్రతి 100 మందిలో ఏడాదిలోగా జబ్బు తిరగబెట్టినది 27 మందికి, మందు ఆపినవారిలో 64 మందికి. మా వాడు ఆ 64 మందిలో ఒకడయ్యాడు. ఈసారి పాత మందు పనిచేయలేదు. మరో మందు ఓలాంజపిన్‌ను తగినన్ని వారాలు వాడినా పనిచేయలేదు.

రెండు మందులకు లొంగని స్కిజోఫ్రీనియాకు మిగిలినది క్లోజపిన్. 1975లో ఫిన్లాండులో దీన్ని వాడినవారిలో కొందరు తెల్ల రక్తకణాలు పడిపోయి మరణించడంతో చాలా దేశాల్లో పక్కన పెట్టారు. 1988లో జాన్ కేన్ బృందం, ఇతర మందులకు లొంగని రోగుల మీద చేసిన పరిశోధనలో క్లోజపిన్‌తో 30 శాతం మంది, పాత మందుతో 4 శాతం మంది మెరుగుపడ్డారు. అందువల్ల రక్తపరీక్షల షరతు మీద అది తిరిగి వచ్చింది. మా వాడికి 2020 ఫిబ్రవరిలో 12.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. మొదటి 18 వారాలు ప్రతి వారం రక్తం తీసి కణాలు లెక్కించాలన్నారు. ఆరో వారానికి లాక్‌డౌన్ వచ్చింది. ప్రతి వారం నేను మందుల చీటీ చేతపట్టుకుని, స్కూటరు మీద వాడిని వెనక కూర్చోబెట్టుకుని, పోలీసులు ఆపిన ప్రతిచోటా ఆగి, చీటీ చూపించి, తెరిచి ఉన్న ఒకే ఒక ల్యాబుకు వెళ్ళాను. ఇదేం మందని ఒక కానిస్టేబులు అడిగితే ఏం చెప్పాలో నాకు తోచలేదు. వెనక నుంచి తమ్ముడు, ‘మానసిక జబ్బుకు సార్’ అన్నాడు. తనకు జబ్బు ఉందని వాడు పైకి అనడం నేను వినడం అదే మొదటిసారి.

రాత్రుళ్ళు దిండు తడిసేంతగా లాలాజలం కారేది. దిండు మీద తువ్వాలు పరిచేవాళ్ళం, ఇప్పటికీ పరుస్తున్నాము. మలబద్ధకం ఉంది, పగలు నిద్రమత్తు ఉంది. గొంతుల్లో ఒకటి పోయింది. రెండోది సాయంకాలాలు మాత్రం వస్తుంది.

మాటల వైద్యం మళ్ళీ మా ఇంటికి వచ్చింది ఆ తరువాతే. 2021లో డాక్టరమ్మ ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరకు పంపినప్పుడు నేను వద్దన్నాను. కౌన్సెలింగ్ అన్న మాట వింటేనే నాకు ఆ కలం చప్పుడు గుర్తొచ్చేది. వెళ్దామన్నది తమ్ముడే. ఆ సైకాలజిస్టు మొదటి రోజునే వాడితో, ‘ఆ గొంతు పూర్తిగా పోతుందని నేను చెప్పలేను. అది వచ్చినప్పుడు మీరు ఏం చేయవచ్చో కలిసి చూద్దాం’ అన్నారు. తాను చేయలేనిదేమిటో ముందు చెప్పిన మనిషిని వాడు నమ్మాడు. బాల్యం గురించి అడగలేదు. నిన్న ఏ వేళకు వచ్చింది, అప్పుడు ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు, అది చెప్పినట్టు చేయకపోతే ఏం జరిగింది అని అడిగి రాసుకోమన్నారు. రెండు నెలల నోటుపుస్తకం చూస్తే, దీపాలు పెట్టే వేళకు, వాడు ఒంటరిగా ఉన్నప్పుడే అది వస్తోందని తెలిసింది. ఆ వేళకు వాడు దినపత్రికలో సంపాదకీయాన్ని పైకి చదవడం అలవాటు చేసుకున్నాడు. తన గొంతు తన చెవిన పడుతుంటే ఆ గొంతు సన్నగిల్లుతుందట. వారానికి అటో ఇటో ఒకసారి చదువు కూడా పనిచేయదు. ఆ రోజు నాకు ఫోను చేస్తాడు.

బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలను సూచించే నైస్ సంస్థ 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా సైకోసిస్ ఉన్నవారికి కనీసం 16 విడతల మాటల వైద్యాన్ని, కుటుంబానికి కనీసం 10 విడతలను మందులతో కలిపి సూచిస్తున్నాయి. కుటుంబానికి జరిగిన ఆ విడతలే మా ఇంటికి ఎక్కువ మేలు చేశాయని నా నమ్మకం. రోగి చుట్టూ ఉన్నవారి దెప్పుళ్ళు, అతి జాగ్రత్త, కోపం ఎక్కువైతే జబ్బు త్వరగా తిరగబెడుతుందని లండన్‌లో కనుగొన్నారు. చండీగఢ్‌లో అదే పద్ధతిలో పరిశీలిస్తే, అలాంటి వాతావరణం అక్కడి ఇళ్ళలో లండన్ కన్నా తక్కువగా కనిపించింది. ఈ సంగతి విన్నప్పుడు అమ్మ, ‘అయితే మనమేమీ అంత చెడ్డవాళ్ళం కాదన్నమాట’ అంది. ఆ విడతల్లో ఎవరూ తప్పు ఎవరిదని వెదకలేదు. వాడు స్నానానికి లేవకపోతే ఏ మాట అనాలి, మూడోసారి కూడా లేవకపోతే ఎప్పుడు ఊరుకోవాలి అన్నంత చిన్న విషయాలు మాట్లాడుకున్నాము. కన్నవాళ్ళే జబ్బుకు కారణమని చెప్పే మాటకూ, జబ్బు వచ్చిన ఇంట్లో ఎలా మసలుకోవాలో చెప్పే మాటకూ ఉన్న తేడా నాన్న నడుములో కనబడింది. ఆయన మళ్ళీ నిటారుగా నడుస్తున్నారు.

2022లో వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరానికి వెళ్ళాము. నాన్న మొదట ఒప్పుకోలేదు. మానసిక జబ్బు వల్ల వచ్చే వైకల్యాన్ని కొలవడానికి మన దేశంలో ఒక కొలమానం ఉంది. తన పనులు తాను చేసుకోగలడా, నలుగురితో మెలగగలడా, చెప్పింది అర్థం చేసుకుని చెప్పదలచుకున్నది చెప్పగలడా, ఉద్యోగం చేయగలడా అని చూసి, జబ్బు ఎన్నేళ్ళుగా ఉందో కూడా కలిపి లెక్కవేస్తారు. 40 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే పింఛనుకు అర్హత వస్తుంది. వాడిప్పుడు ఒక స్టేషనరీ దుకాణంలో రోజుకు నాలుగు గంటలు లెక్కలు రాస్తున్నాడు. బీఎస్సీలో చదవాలనుకున్న లెక్కలు కావవి, అయినా తప్పు లేకుండా రాస్తాడు.

ఈ మధ్య ఒక రాత్రి, గుంటూరు శనివారాల్లో నీకు నిజంగా ఎలా ఉండేదిరా అని అడిగాను. వాడు చాలాసేపు ఆలోచించి చెప్పాడు. ‘ఆయన ప్రశ్న అడగగానే నేను నోరు తెరిచేలోపు ఆ ఇద్దరూ జవాబు చెప్పేసేవారు, అక్కా. నేను అదే చెబితే వాళ్ళకు లొంగినట్టు, వేరేది చెబితే వాళ్ళు తిట్టేవారు. ఆయనకు ఏ జవాబు ఇష్టమో మూడు వారాల్లో నాకు తెలిసిపోయింది. నాన్న గురించి చెబితే తల ఊపేవాడు. అందుకని నాన్న గురించి చెప్పేవాణ్ణి.’ మరి అంత కష్టంగా ఉంటే ప్రతి శనివారం ముందే సిద్ధమై ఎందుకు కూర్చునేవాడివి అన్నాను. ‘వెళ్ళకపోతే నాకు తెలిసిపోయిందని వాళ్ళకు తెలుస్తుందిగా’ అన్నాడు.

నాన్న తన ఫోను విన్నారన్నది ఇప్పుడు నమ్ముతున్నావా అని కూడా అడిగాను. నూటికి పది పాళ్ళు ఇంకా నమ్ముతున్నానని, సైకాలజిస్టుతో కూడా అదే చెప్పానని, ఆయన ఆ పదిని తగ్గించే ప్రయత్నం ఇప్పట్లో వద్దన్నాడని చెప్పాడు. ఆ పది పాళ్ళ సంగతి నాన్నకు తెలుసు. క్లోజపిన్ రక్తపరీక్ష ఇప్పుడు నెలకొకసారి. ప్రతి నెలా మొదటి సోమవారం ఉదయం ఏడింటికి నాన్న చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడతారు, సెల్‌ఫోను ఇంట్లోనే వదిలేసి. ఇద్దరూ నడిచే వెళ్తారు.